పుట్టిన రోజే ఎందుకు కోశాడు?

పుట్టి కొన్ని గంటలే అయిన చిట్టెలుక పిల్ల రెండు గ్రాములు కూడా తూగదు. ఒంటి మీద నూగు ఉండదు, కళ్లు తెరవదు. చర్మం ఎంత పలచనంటే, తాగిన పాలు కడుపులో తెల్లటి మచ్చలా పైకే కనబడతాయి. అలాంటి పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము ఎముక పైభాగాన సన్నటి గాటు పెట్టి, గుండెకు కాస్త పైన అంటుకుని ఉన్న రెండు తెల్లటి తునకలను గాజు గొట్టంతో పీల్చి బయటికి తీయాలి. చెయ్యి వెంట్రుకవాసి జారితే గుండె, పెద్ద రక్తనాళాలు అక్కడే ఉన్నాయి. పనయ్యాక గాటు మూసి, రక్తపు వాసన లేకుండా తుడిచి తల్లి పక్కన వదలాలి. వాసన తగిలిందా, తల్లే తినేస్తుంది. ఎలుకలతో పనిచేసేవాళ్లకు తెలిసిన తలనొప్పే ఇది.

1960 ప్రాంతంలో, ఇంగ్లండులోని బకింగ్‌హామ్‌షైర్ పల్లెపట్టున, పొలార్డ్స్ వుడ్ అనే చోట, ఒకప్పటి గుర్రపుశాలను సర్ది చేసిన ల్యాబులో ఇంకా ముప్పై నిండని డాక్టరొకాయన ఈ పని చేస్తున్నాడు. పేరు జాక్ మిల్లర్. లండన్ చెస్టర్ బీటీ క్యాన్సర్ పరిశోధన సంస్థకు అదొక శాఖ. ఆయన వెతుకుతున్నది రోగనిరోధక శక్తి గుట్టు కాదు. ఎలుకల్లో రక్త క్యాన్సర్ తెచ్చే ఒక వైరస్ ఎక్కడ దాక్కుంటుందో తెలుసుకుందామని మొదలుపెట్టాడు.

రోగాలను ఒళ్లు ఎలా తట్టుకుంటుందన్న ప్రశ్న మాత్రం ఆయనకు చిన్నప్పటిది. 1931లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో పుట్టాడు. తండ్రి బ్యాంకు ఉద్యోగం వల్ల బాల్యమంతా షాంఘైలోనూ స్విట్జర్లాండులోనూ గడిచింది. అక్కకు క్షయ పట్టుకుంది. ఇల్లంతా దగ్గరే ఉన్నా, ఆమెకు తప్ప ఇంకెవరికీ రాలేదు. ఒళ్లు ఈ క్రిమితో ఎలా పోరాడుతుందో మాకు తెలిసింది దాదాపు ఏమీ లేదని డాక్టరు తల్లితో అంటుంటే పిల్లవాడు విన్నాడు. అక్క పెళ్లీడు రాకముందే పోయింది. 1941లో యుద్ధానికి భయపడి కుటుంబం ఆస్ట్రేలియా చేరింది.

ఆ రోజుల్లో మన వైపు క్షయ వస్తే చేయగలిగింది మదనపల్లె బండి ఎక్కడమే. అక్కడి ఆరోగ్యవరం శానిటోరియంలో విశ్రాంతి, మంచి గాలి, గుడ్లు, పాలు. స్ట్రెప్టోమైసిన్ ఇంకా రాలేదు. మిల్లర్ అక్కను చూసిన డాక్టరు చేతులెత్తేసిన చోటే ఆరోగ్యవరం డాక్టరూ ఉన్నాడు. కొందరు బతికేవాళ్లు, కొందరు పోయేవాళ్లు, ఎందుకో ఎవరికీ తెలియదు.

మిల్లర్ సిడ్నీలో వైద్యం చదివి, స్కాలర్‌షిప్ మీద 1958లో ఇంగ్లండు వచ్చాడు. లుడ్విక్ గ్రాస్ అనే శాస్త్రవేత్త అంతకుముందే ఒక సంగతి చూపించి ఉన్నాడు. ఒక వైరస్‌ను అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కిస్తే కొన్ని నెలలకు రక్త క్యాన్సర్ వస్తుంది. అది మొదలయ్యేది థైమస్‌లో. అంటే గుండెకు పైన, రొమ్ము ఎముక వెనక ఉండే ఆ రెండు తునకల గ్రంథిలో. పిల్లకు నెల నిండాక థైమస్ తీసేస్తే క్యాన్సర్ రాదు. మిల్లర్ ఇంకో అడుగు వేశాడు. నెలకు థైమస్ తీసేసి, ఆరు నెలలు ఆగి వేరే ఎలుక థైమస్ అతికించాడు. క్యాన్సర్ వచ్చేసింది! అంటే అన్నాళ్లూ వైరస్ ఒంట్లో ఎక్కడో కాచుకుని కూర్చుంది.

మరి అది మొదట కాలు మోపింది థైమస్‌లోనేనా? తేల్చాలంటే వైరస్ ఎక్కించడానికి ముందే థైమస్ ఉండకూడదు. వైరస్ పని చేసేది పుట్టిన వెంటనే ఎక్కిస్తేనే. కాబట్టి కోత కూడా పుట్టిన రోజే పడాలి. గుర్రపుశాలలో గాజు గొట్టం ఎత్తింది అందుకు. అంతకుముందు పెద్దయిన జంతువుల్లో థైమస్ తీసి చూసినవాళ్లున్నారు, వాటికి ఏమీ కాలేదు. అది పనికిరాని గ్రంథి అనుకోవడానికి అదొక పెద్ద సాక్ష్యం.

పిల్లలు బతికాయి. పాలు తాగాయి, పెరిగాయి. పాలు మానిన కొన్ని వారాల తర్వాత ఒక్కొక్కటే చిక్కిపోవడం మొదలైంది. వెన్ను వంగి, బొచ్చు రేగి, విరేచనాలు పట్టి చచ్చిపోతున్నాయి. వైరస్ ఎక్కించినవి పోతే సరే. ఎక్కించనివీ పోతున్నాయి. ఛాతీ కోసి థైమస్‌ను ముట్టుకోకుండా మూసేసిన పిల్లలు మాత్రం శుభ్రంగా తిరుగుతున్నాయి. కనుక దోషం కోతది కాదు.

చచ్చినవాటిని కోసి చూశాడు. ప్లీహంలోనూ లింఫ్ గ్రంథుల్లోనూ కిటకిటలాడాల్సిన చిన్న తెల్లకణాలు, లింఫోసైట్లు, బాగా తక్కువ. కాలేయం మీద ఇన్ఫెక్షన్ మచ్చలు. క్యాన్సర్ పరిశోధకుడు అక్కడ వైరస్ సంగతి పక్కన పెట్టాడు. నా దృష్టిలో ఈ కథలో అసలు తెలివి అక్కడుంది. తాను వెతకని జవాబు ఎదురుపడితే దాన్ని ప్రయోగంలో వచ్చిన చెత్తగా తీసి పారేయడానికి ఎవరికైనా సవాలక్ష కారణాలు దొరుకుతాయి.

రోగనిరోధక శక్తి ఉందో లేదో తేల్చే సులువైన పరీక్ష పరాయి చర్మం. ఒక ఎలుక చర్మపు ముక్క ఇంకో వంశపు ఎలుకకు అతికిస్తే రెండు వారాలు తిరగకుండా అది నల్లబడి, ఎండి, పెచ్చులా ఊడిపోతుంది. మిల్లర్ థైమస్ లేని ఎలుకల వీపు మీద వేరే రంగు ఎలుకల చర్మం అతికించాడు. రెండు వారాలయింది, ఊడలేదు. ఇంకా ఆగాడు. ఆ ముక్కల మీద పరాయి రంగు బొచ్చు కుచ్చులు కుచ్చులుగా మొలిచింది. చివరికి చిట్టెలుకల మీద పెద్ద ఎలుక చర్మం పెట్టి చూశాడు. జాతే వేరు. అదీ నిలిచింది.

1961 సెప్టెంబరు 30 నాటి లాన్సెట్ పత్రికలో చిన్న వ్యాసం వచ్చింది. థైమస్‌కు రోగనిరోధక శక్తిలో పాత్ర ఉందని, లింఫోసైట్లు పుట్టుకొచ్చేది అక్కడి నుంచేనని, పుట్టిన కొత్తలో అది తప్పనిసరి అని.

నమ్మినవాళ్లు తక్కువ. మురికి శాలలో పెంచిన ఎలుకలకు ఏదో రోగం తగిలి ఉంటుందన్నారు. చర్మం అతుకుల శాస్త్రంలో 1960లో నోబెల్ అందుకున్న పీటర్ మెడవార్ అంతటివాడు 1963లో కూడా, థైమస్‌లో లింఫోసైట్లు ఉండటం పరిణామక్రమంలో జరిగిన యాదృచ్ఛికమని, దానికి పెద్ద ప్రాముఖ్యం లేదని అభిప్రాయపడ్డాడు. మిల్లర్ అమెరికా వెళ్లి, క్రిములే లేని గదుల్లో ఎలుకలను పెంచి అదే కోత కోశాడు. అక్కడ అవి చిక్కిపోలేదు. అంటే శాలలో వాటిని చంపింది కోత కాదు, మామూలు ఎలుకలు లెక్కచేయని క్రిములు.

పెద్ద పెద్దవాళ్లు అలా ఎందుకు పొరబడ్డారంటే, థైమస్‌ను సూక్ష్మదర్శినిలో చూస్తే కనబడేది చావు. కుప్పలు తెప్పలుగా కణాలు చస్తూ ఉంటాయి. అది లింఫోసైట్ల శ్మశానమని తేల్చారు. అంతకన్నా ఘోరమైన పొరపాటు అంతకుముందే జరిగి ఉంది. శరీరశాస్త్రం నేర్చుకునే డాక్టర్లకు కోయడానికి దొరికేవి దిక్కులేని పేదల శవాలు. ఆకలి, దీర్ఘరోగం థైమస్‌ను కుదించేస్తాయి. అలా కుదించుకుపోయినదే మామూలు సైజు అనుకున్నారు. తర్వాత హఠాత్తుగా చనిపోయిన బిడ్డలో మామూలు థైమస్ కనబడితే, ‘అబ్బో, ఉబ్బిపోయింది, ఇదే ఊపిరి ఆపేసింది’ అన్నారు. ఆ భయంతో 20వ శతాబ్ది తొలి సగంలో అమెరికాలో వేలాది పసిబిడ్డల ఛాతీకి ఎక్స్‌రే కిరణాలు పట్టించారు. ఆ పిల్లల్లో పెద్దయ్యాక థైరాయిడ్ క్యాన్సర్ మామూలుకన్నా ఎక్కువగా వచ్చింది. వాళ్లకున్నది జబ్బు కాదు, ఆరోగ్యం.

సీడీ4 ఎంతొచ్చింది?

ధర్మవరానికి దగ్గర్లో బత్తలపల్లి. ఆర్‌డీటీ ఆసుపత్రికి హెచ్‌ఐవీ రోగులు ఉమ్మడి అనంతపురం జిల్లా నలుమూలల నుంచి వస్తారు. వాళ్ల చికిత్స వివరాల ఆధారంగా ఆర్‌డీటీ స్థాపకుడు విన్సెంట్ ఫెర్రర్ పేరిట జరిగిన అధ్యయనాలు విదేశీ వైద్య పత్రికల్లో అచ్చయ్యాయి. హెచ్‌ఐవీ ఉన్న ఇంట్లో ఆసుపత్రి నుంచి రాగానే అడిగే మాట, ‘సీడీ4 ఎంతొచ్చింది?’ అయిదు వందల పైన ఉంటే గుండె మీద చెయ్యి వేసుకోవచ్చు. రెండు వందల కిందికి పోతే క్షయ, ఫంగస్, ఏదైనా రావచ్చు. 2004లో కేంద్రం ఉచితంగా ఏఆర్‌టీ మందులు మొదలుపెట్టిన కొత్తలో ఆ అంకె పడిపోతే గానీ మాత్ర ఇచ్చేవాళ్లు కాదు. 2017 నుంచి అంకెతో పని లేకుండా అందరికీ ఇస్తున్నారు.

ఆ అంకె లెక్కపెట్టేది మిల్లర్ ఎలుకల్లో లేకుండా పోయిన కణాలనే. టీ కణాలంటే థైమస్ కణాలని. వాటిలో సీడీ4 రకాన్ని హెచ్‌ఐవీ చంపుతుంది. 1960ల చివర మెల్‌బోర్న్‌లో మిల్లర్, ఆయన విద్యార్థి గ్రాహమ్ మిచెల్ కలిసి, ఎముక మూలుగ నుంచి వచ్చే కణాలు యాంటీబాడీలు చేస్తాయని, థైమస్ నుంచి వచ్చినవి వాటికి సాయపడతాయని తేల్చారు. మన ఎడమ భుజం మీది బీసీజీ మచ్చ వెనక ఉన్నదీ టీ కణాలే. మాంటూ పరీక్షలో సూది వేసిన చోట రెండు మూడు రోజులకు గట్టిగా ఉబ్బేదీ వాటి పనే. ఆరోగ్యవరం డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ 1950లో మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ తిరిగి అలాంటి సూదులు వేయించి ఉబ్బు కొలిపించే నాటికి, ఆ ఉబ్బు తెచ్చే కణాలు ఎక్కడ తయారవుతాయో ప్రపంచంలో ఎవరికీ తెలియదు.

తయారీ ఇలా జరుగుతుంది. ఎముక మూలుగలో పుట్టిన కణం ఒకటి, ఇంకా ఏమవుతుందో తేలకుండానే, రక్తంలో కొట్టుకుంటూ థైమస్‌లో దిగుతుంది. అక్కడి గోడ కణాలు దాన్ని తాకి నాచ్ అనే సంకేతం ఇస్తాయి. దాంతో అది టీ కణం దారి పడుతుంది. ఆపైన తన జన్యువుల్లో కొన్ని ముక్కలను తనే కత్తిరించి, ఇష్టం వచ్చినట్టు కలిపి కుట్టుకుంటుంది. ఆ కుట్టు నుంచి ఒక గ్రాహకం తయారవుతుంది. అదే దాని చెయ్యి. ఏ రెండు కణాల కుట్టూ ఒకటిగా ఉండడం చాలా అరుదు. రేపు వచ్చే ఏ కొత్త క్రిమినైనా పట్టుకునే చెయ్యి ఎక్కడో ఒకటి ఉండాలంటే ఇంత గుడ్డిగా కలపక తప్పదు. గుడ్డిగా కలిపితే పనికిరానివీ వస్తాయి, సొంత ఒంటినే పట్టుకునేవీ వస్తాయి.

కాబట్టి రెండు పరీక్షలు. థైమస్ వెలుపలి పొరలో మొదటిది. మన ఒంటి కణాలు దాదాపు అన్నీ తమ లోపలి ప్రోటీన్ తునకలను హెచ్‌ఎల్‌ఏ అనే పళ్లెంలాంటి అణువు మీద పెట్టి బయటికి చూపిస్తుంటాయి. ఆ పళ్లేన్ని ఈ చెయ్యి కాస్తయినా తాకగలగాలి. తాకలేనిది మూడు నాలుగు రోజుల్లో చస్తుంది. అప్పటిదాకా ప్రతి కణం సీడీ4, సీడీ8 రెండు గుర్తులూ మోస్తుంది. ఏ రకం పళ్లేన్ని పట్టుకుందో దాన్నిబట్టి ఒకటి ఉంచుకుని రెండోది వదిలేస్తుంది. బత్తలపల్లి రిపోర్టులో కనిపించే సీడీ4 అన్న మాట ఖాయమయ్యేది ఇక్కడే. లోపలి పొరలో రెండో పరీక్ష. అక్కడి కణాలకు ఎయిర్ అనే జన్యువు వల్ల ఒక విచిత్రమైన పని వస్తుంది. క్లోమంలో తయారవ్వాల్సిన ఇన్సులిన్ లాంటి, ఒంట్లో ఇంకెక్కడో ఉండాల్సిన ప్రోటీన్లను కొంచెం కొంచెం తామే తయారుచేసి చూపిస్తాయి. వాటిని గట్టిగా పట్టుకున్న టీ కణం బయటికి వెళ్తే సొంత అవయవాన్నే తింటుంది. అందుకే అది అక్కడే చస్తుంది.

పాఠ్యపుస్తకాల్లో థైమస్‌ను టీ కణాల బడి అంటారు. ఫెయిలైన ప్రతివాణ్నీ చంపేసి, నూటికి అయిదుగురిని కూడా బయటికి పంపని బడి నేనైతే ఎక్కడా చూడలేదు. సూక్ష్మదర్శినిలో కనిపించిన శవాలు నిజమైనవే. వాటిని చూసి లెక్క తప్పు కట్టారంతే.

మూడో రోజు కోస్తే

ఇదే కోత, ఇదే గ్రంథి. జపాన్‌లోని నగోయాలో ఐచి క్యాన్సర్ కేంద్రంలో నిషిజుకా, సకకురా అనే ఇద్దరు పుట్టిన రోజు కాకుండా మూడో రోజు కోశారు. 1969లో వాళ్లు ప్రకటించిన ఫలితం ఎవరికీ కొరుకుడు పడలేదు. ఎలుకలు చిక్కిపోలేదు. ఆడ ఎలుకల్లో అండాశయాలు నాశనమయ్యాయి. థైమస్ ఏదో హార్మోను వదులుతుందేమో, అది ఆగిపోయిందేమో అని మొదట అనుకున్నారు. తర్వాత తేలింది వేరు. వాటి సొంత టీ కణాలే అండాశయాల మీద పడ్డాయి.

పుట్టిన రోజు కోస్తే కాపలాయే ఉండదు. మూడో రోజు కోస్తే కాపలా ఉండీ ఇంటి మీదే పడుతుంది. మధ్యలో రెండు రోజుల్లో ఏం జరిగింది? ఈ ప్రశ్న పట్టుకుని షిమోన్ సకగుచి అనే కుర్రవాడు క్యోటోలో పీహెచ్‌డీ వదిలేసి నగోయా వచ్చాడు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద ఎలుకల నుంచి టీ కణాలు తీసి, మూడో రోజు కోసిన పిల్లలకు ఎక్కించాడు. జబ్బు ఆగింది. అంటే మామూలు టీ కణాల గుంపులోనే మిగతావాటి చెయ్యి పట్టి ఆపేవి కొన్ని ఉన్నాయి. మొదటి రోజుల్లో బయటికొచ్చేవి దాడి చేసే కణాలు, వాటిని అదుపు చేసేవి కాస్త ఆలస్యంగా థైమస్ దాటతాయి. మూడో రోజు కోత సరిగ్గా ఆ రెండింటి మధ్య పడింది.

అదుపు చేసే కణాలున్నాయన్న మాటకు ఆ కాలంలో మంచి పేరు లేదు. అంతకుముందు కొందరు అలాంటివేవో చూశామని గొప్పలు చెప్పి నిరూపించలేకపోయారు. ఆ విషయం ఎత్తితేనే మొహం తిప్పుకునేవారు. సకగుచి పదేళ్లకు పైగా దాన్నే పట్టుకు వేలాడి, 1995లో ఆ కణాల మీద సీడీ25 అనే గుర్తును చూపించాడు. 2001లో అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఇంకో వైపు నుంచి వచ్చారు. ఓక్ రిడ్జ్ ల్యాబులో 1940ల నుంచి ఉన్న ఒక ఎలుక వంశంలో మగపిల్లలు ఒళ్లంతా పొలుసులు కట్టి కొన్ని వారాల్లో చనిపోయేవి. దానికి కారణమైన జన్యువును వాళ్లు పట్టుకున్నారు. దాని పేరు ఫాక్స్‌పీ3. అదే జన్యువు చెడితే మగబిడ్డల్లో పసితనంలోనే మధుమేహం, ఆగని విరేచనాలు, ఎగ్జిమా వస్తాయి. అదుపు చేసే కణాలు తయారుకావడానికి ఆ జన్యువే ఆధారం. 2025 అక్టోబరులో వైద్య నోబెల్ ఈ ముగ్గురికీ వచ్చింది. మిల్లర్‌కు నోబెల్ రాలేదు. 2019లో, 88 ఏళ్ల వయసులో, మాక్స్ కూపర్ అనే శాస్త్రవేత్తతో కలిపి లాస్కర్ అవార్డు ఇచ్చారు. ఆ నోబెల్ బాకీ ఇంకా తీరలేదనే నా లెక్క.

మరి పెద్దయ్యాక?

యుక్తవయసు నుంచి థైమస్ కుదించుకుపోతూ కొవ్వుగా మారుతుంది. నలభై దాటిన మనిషిలో దాన్ని వెతుక్కోవాలి. పెద్దవాళ్లలో తీసేసినా ఏమీ కాదన్న మాట అందుకే అంతకాలం నిలబడింది. హెచ్‌ఐవీ మందులు వేసుకునే వాళ్లలో మాత్రం ఒక తేడా డాక్టర్లు చూస్తూనే ఉన్నారు. ఒకే మందు వేసుకున్నా చిన్న పిల్లల్లో సీడీ4 చకచకా లేస్తుంది, యాభై దాటిన వాళ్లలో నింపాదిగా పాకుతుంది. 2023లో బోస్టన్ నుంచి వచ్చిన ఒక అధ్యయనం కొంచెం కలవరపెట్టింది. థైమస్ తీసేసిన పెద్దవాళ్లనూ, అదే రకం ఛాతీ ఆపరేషన్ జరిగినా థైమస్ ఉంచుకున్నవాళ్లనూ పోల్చారు. అయిదేళ్లలో చనిపోయినవాళ్లు మొదటి గుంపులో 8.1 శాతం, రెండో గుంపులో 2.8 శాతం. క్యాన్సర్ వచ్చినవాళ్లు 7.4, 3.7. రెండు గుంపులు అచ్చంగా ఒకేలాంటివి కాకపోవచ్చు, ఆ జాగ్రత్త పెట్టుకునే చదవాలి. థైమస్‌లో కంతి ఉంటే తీయాల్సిందే. కండరాలు సడలిపోయే మయస్థీనియా గ్రేవిస్ రోగుల్లో తీస్తే మేలని 2016లో వచ్చిన ట్రయల్ చెప్పింది. వట్టినే అడ్డమొచ్చిందని తీయడం గురించే ఇప్పుడు ఆలోచిస్తున్నారు.

అడ్డమొచ్చేది ఎక్కువగా గుండెకు చిల్లున్న పసిబిడ్డల్లో. పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో 1991 నుంచి పైసా తీసుకోకుండా గుండె ఆపరేషన్లు చేస్తున్నారు. హిందూపురం, పెనుకొండ నుంచి బెంగళూరుకు బిడ్డను ఎత్తుకుపోయే తల్లిదండ్రులూ ఉన్నారు. ప్రపంచంలో ఎక్కడైనా సరే, పసిబిడ్డ రొమ్ము ఎముక తెరిస్తే సర్జనుకు మొదట కనిపించేది గుండె కాదు. లేత గులాబీ రంగులో, గుండెను సగం కప్పేసిన థైమస్. దాన్ని కొంతైనా తీస్తే గానీ గుండె చేతికి అందదు. బిడ్డ ప్రాణం ముందు ఆ లెక్క తేలికే, ఆపరేషన్ విషయంలో ఎవరూ వెనకాడాల్సింది లేదు. ఇలా తీసేసిన పిల్లలు మామూలుగానే పెరుగుతున్నారు. కాకపోతే వాళ్ల రక్తంలో కొత్త టీ కణాలు వయసుకు తగినన్ని ఉండటం లేదని కొన్ని అధ్యయనాలు చూపాయి. అందుకే వీలైన చోట కొంత ముక్కైనా మిగల్చాలనే సర్జన్లు ఇప్పుడున్నారు.

తీసిన ముక్కలకూ ఒక పని దొరికింది. థైమస్ లేకుండానే పుట్టే పిల్లలు అరుదుగా ఉంటారు. మిల్లర్ ఎలుకల స్థితే వాళ్లది. ఏమీ చేయకపోతే రెండు మూడేళ్లు బతకడం కష్టం. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ డాక్టర్ లూయిస్ మార్కెర్ట్ ఏళ్ల తరబడి ఒక పద్ధతిని నడిపించింది. గుండె ఆపరేషన్లలో పసిబిడ్డల నుంచి తీసిన థైమస్‌ను, తల్లిదండ్రుల అనుమతితో, పలచటి ముక్కలు చేసి ల్యాబులో కొన్ని వారాలు పెంచుతారు. వాటిని థైమస్ లేని బిడ్డ తొడ కండరంలో పెడతారు. 2021 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం దీనికి అనుమతి ఇచ్చింది. గ్రంథి ఉండాల్సింది ఛాతీలో అయినా, బిడ్డ మూలుగ నుంచి వచ్చే కణాలు తొడలోకే వెతుక్కుంటూ వెళ్లి, అక్కడే ఆ రెండు పరీక్షలూ రాస్తాయి. మొదటి టీ కణాలు రక్తంలో కనిపించడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. అప్పటిదాకా బిడ్డను జలుబున్న మనిషి దగ్గరికి కూడా పోనివ్వరు.